రాళ్ళ మధ్య టేబుల్ రోజ్

రాక్ గార్డెన్ అనగానే చాలామంది నున్నటి తెల్లరాళ్ళు కొని తెచ్చి, గుండ్రంగా పేర్చి, మధ్యలో ఏదో ఒక మొక్క నిలబెడతారు. ఫోటోకి బాగానే ఉంటుంది. కానీ అందులో రాళ్ళకి మొక్కతో పని లేదు, మొక్కకి రాళ్ళతో పని లేదు. అసలు రాక్ గార్డెన్‌లో రాయి పని చేస్తుంది. వాన పడితే నీళ్ళని పక్కకి జారుస్తుంది. పైన ఎంత కాలినా తన కింద మట్టిని చల్లగా, కాస్త తడిగా ఉంచుతుంది. వేరు వెళ్ళి తలదాచుకునేది దాని కిందే. ఆ పని అవసరం ఉన్న మొక్కని తెచ్చి పెట్టినప్పుడే అది రాక్ గార్డెన్, లేకపోతే రాళ్ళ కుప్ప.

మా ఇంటి వెనక పాత ప్రహరీ కొంత మేర పడగొట్టినప్పుడు రాళ్ళూ పెచ్చులూ ఒక మూల కుప్పగా మిగిలిపోయాయి. ఎత్తించేద్దాం, ఎత్తించేద్దాం అనుకుంటూ ఎవరూ ఎత్తించలేదు. ఆ మూలకి మధ్యాహ్నం ఎండ ఏ అడ్డూ లేకుండా తగులుతుంది. చెప్పుల్లేకుండా నడవలేం. నాకు కావాల్సింది సరిగ్గా అదే.

రాక్ గార్డెన్ మొక్కలంటూ పుస్తకాల్లో ఇచ్చే పేర్లు చూస్తే ఆశ పుడుతుంది. ఆబ్రీషియా, సాక్సిఫ్రేజ్, క్రీపింగ్ ఫ్లాక్స్. నేలకి కరుచుకుని, రాళ్ళ మీదుగా జారుతూ విరగబూస్తాయి. అయితే ఇవన్నీ చలి ఎరిగిన మొక్కలు. వీటికి చల్లటి రాత్రులు కావాలి, చలికాలం నిద్ర కావాలి. రాయి పెనంలా కాలే చోట పెడితే చేతులెత్తేస్తాయి. అందుకని నేను వాటి జోలికి పోలేదు. టేబుల్ రోజ్ పెట్టాను. కొందరు మాస్ రోజ్ అంటారు, శాస్త్రీయంగా పోర్చులాకా గ్రాండిఫ్లోరా. ఎత్తు 10 నుంచి 20 సెంటీమీటర్లు, అంటే జానెడు లోపే. పెరగడమంతా పక్కలకే. ఇది ఎండకి మొండి, కరువుకి మొండి. మంచుకి మాత్రం కాదు. గట్టిగా మంచు పడితే ఒక్క రాత్రిలో పోతుంది కాబట్టి, చలి దేశాల్లో ఏటేటా కొత్తగా విత్తుకుంటారు.

నాకు ఈ మొక్క మీద ఇంత ఇష్టం కలగడానికి ఇంకో కారణం కూడా ఉంది. నేను ఒక బ్లడ్ బ్యాంకులో ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఎక్కువగా నైట్ డ్యూటీలే. పొద్దున వచ్చి పడుకుంటే లేచేసరికి ఎండ నడినెత్తి మీద ఉంటుంది. మామూలుగా పూలమొక్కలన్నీ పొద్దున్నే లేచేవాళ్ళకి అనుకూలంగా ఉంటాయి. నేను లేచేసరికి సగం వాడిపోయి, ముఖం వేలాడేసుకుని కనిపిస్తాయి. టేబుల్ రోజ్ అలా కాదు. దాని మీద ఎండ బాగా పడితే తప్ప రేకు విప్పదు. మిట్టమధ్యాహ్నం పూర్తిగా విచ్చుకుని ఉంటుంది. సాయంత్రం లోపు ముడుచుకుంటుంది. పొద్దున ఆఫీసుకెళ్ళి చీకటి పడ్డాక ఇంటికొచ్చేవాళ్ళు దీన్ని పెంచి, "పూయడం లేదండీ" అంటుంటారు. పూస్తుంది, మీరే లేరు. సెలవు రోజు మధ్యాహ్నం వెళ్ళి చూడండి.

ఒక్కో పువ్వు ఆయుష్షు ఒక్క రోజే. ఈ రోజు ముడుచుకున్నది రేపు విచ్చుకోదు. రేపటి పువ్వు వేరే మొగ్గ. కొమ్మ చివర ఆకులన్నీ చుట్టూ పరుచుకుని, వాటి మధ్యలో మొగ్గలు గుంపుగా కూర్చుంటాయి. మర్నాడు పూయబోయే మొగ్గ ముందు రోజు సాయంత్రానికే లావెక్కి, కొన దగ్గర రంగు చూపిస్తుంది. దాన్ని బట్టి రేపు ఎన్ని పూస్తాయో లెక్క వేయొచ్చు. మబ్బు పట్టిందంటే ఆ లెక్క తప్పుతుంది. మబ్బు రోజున ఇవి సగం విచ్చీ విచ్చకుండా మొండికేస్తాయి.

ల్యాబ్ అలవాటు కొద్దీ దేన్నయినా దగ్గరగా చూడకపోతే నాకు తోచదు. ఒక మధ్యాహ్నం భూతద్దం పట్టుకుని రాళ్ళ పక్కన చతికిలబడ్డాను. ఆకు సన్నగా, గుండ్రంగా, అంగుళం లోపు పొడవుంటుంది. గిల్లితే చుక్క నీరు వస్తుంది. ఆకు కాడని అంటిన చోట తెల్లటి నూగు కుచ్చు ఉంటుంది, మామూలుగా చూస్తే బూజు అనుకుంటాం. మొగ్గల కింద ఆ నూగు ఇంకా ఒత్తుగా ఉంటుంది. పువ్వుకి అయిదు రేకులు, ప్రతి రేకు చివరా చిన్న నొక్కు. మధ్యలో పసుపు పచ్చటి కేసరాల గుంపు. అగ్గిపుల్ల కొనతో ఆ కేసరాలని ఒక పక్క నుంచి మెల్లగా తాకితే అవి కదులుతాయి. గాలికి కదలడం కాదు, వాటంతట అవే వంగుతాయి, అదీ ఏ దిక్కు నుంచి తాకామన్నదాన్ని బట్టి. పువ్వులోకి దిగిన తేనెటీగ ఒంటికి పుప్పొడి అంటించడానికి ఆ ఏర్పాటు. అందరూ ఆకు ముడుచుకునే అత్తిపత్తి గురించి చెబుతారు గానీ, ఈ పువ్వు సంగతి ఎవరూ చెప్పరు. ఒంటిరెక్క పువ్వులోనే ఇది బాగా తెలుస్తుంది. ముద్దపూలలో కేసరాలు చాలావరకు రేకులుగా మారిపోయి ఉంటాయి.

ఈ రంగుల సంగతి కూడా నాకు సరదాగా అనిపిస్తుంది. గులాబీకీ మందారానికీ ఎరుపునిచ్చేవి ఆంథోసయనిన్లు. టేబుల్ రోజ్‌లో అవి ఉండవు. దీనివి బీటాలైన్లు, అంటే బీట్‌రూట్‌లో, బోగన్‌విలియాలో ఉండే కుటుంబం. ఎరుపు, ఊదా ఛాయలకి ఒక రకం, పసుపు, నారింజ ఛాయలకి ఇంకో రకం. ఈ రెండూ రకరకాల పాళ్ళలో కలిసి ఇన్ని రంగులు. ఒక మొక్కలో బీటాలైన్లు ఉంటే ఆంథోసయనిన్లు ఉండవు, అవి ఉంటే ఇవి ఉండవు. బీట్‌రూట్ తిన్న మర్నాడు యూరిన్ ఎర్రగా వచ్చిందని టెన్షన్ పడుతూ ల్యాబ్‌కి పరిగెత్తుకొచ్చేవాళ్ళని చూశాను. వాళ్ళని భయపెట్టిన రంగు, మా రాళ్ళ మీద పూసే రంగు ఒకే వంశం.

ఇంతకీ దీనికి రాళ్ళంటే ఎందుకు పడుతుంది? పుట్టిల్లు చూస్తే తెలుస్తుంది. జాన్ గిల్లీస్ అనే స్కాట్లండ్ డాక్టరు 1820లలో అర్జెంటీనాలోని మెండోసాలో ఉండేవారు. వైద్యం చేస్తూనే చుట్టుపక్కల మొక్కలు సేకరించేవారు. పంపా మైదానాలు ముగిసి ఆండీస్ పర్వతాలు మొదలయ్యే ఆ ఇసుక నేలల్లో ఈ మొక్క కంటపడింది. నేలంతా ఊదా రంగు కమ్మేసి, అక్కడక్కడా నారింజ మచ్చలు కనిపించాయట. బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త విలియం జాక్సన్ హుకర్ దీనికి శాస్త్రీయ నామం పెట్టి 1829లో ప్రచురించారు. మెండోసాలో ఏడాదంతా కలిపి పడే వాన 200 మిల్లీమీటర్లు, ఆ పైన కొంచెం. పడిన వాన కూడా ఇసుకలోంచి చటుక్కున జారిపోతుంది. అలాంటి చోట పుట్టిన మొక్కని నల్లమట్టి నిండిన కుండీలో పెట్టి, రోజూ నీళ్ళు పోసి, పైగా పేడ ఎరువు వేస్తే అది ఏం చేయాలి?

కరువుని తట్టుకోవడానికి దీని దగ్గర ఒకటికి రెండు ఉపాయాలున్నాయి. మొక్కజొన్న, చెరకు లాంటివి వాడే సీ4 పద్ధతి ఒకటి. మంచి ఎండలో, తక్కువ నీటితో ఎక్కువ ఆహారం తయారు చేసుకోవడం అన్నమాట. నీళ్ళు మరీ తగ్గిపోతే కాక్టస్ తరహా పద్ధతి కూడా బయటికి తీస్తుంది. రాత్రిపూట కార్బన్ డయాక్సైడ్‌ని ఆమ్లంగా మార్చి ఆకులో దాచుకుని, పగలు దాన్నే వాడుకుంటుంది. పగటి ఎండలో ఆకు రంధ్రాలు బార్లా తెరిచి నీళ్ళు పోగొట్టుకునే అవసరం తగ్గుతుంది. అంటే కష్టకాలంలో దీనికీ నైట్ డ్యూటీయే. ఈ రెండు పద్ధతులూ ఒకే మొక్కలో ఉండటం అరుదు. కలుపని అందరూ పీకేసే గంగవాయిలి దీనికి దగ్గర చుట్టం. ఆ గంగవాయిలిలో ఈ రెండూ ఒకే కణాల్లో కలిసి నడుస్తాయని యేల్ యూనివర్సిటీ పరిశోధకులు 2022లో చూపించారు.

ఇక రాళ్ళు పేర్చడం. మా కుప్పలో పెచ్చులన్నీ అడుక్కి తోసి, వాటి మీద ముతక ఇసుక, చిన్న కంకర, మామూలు మట్టి కలిపి పోశాం. రెండు పాళ్ళు ఇసుకా కంకరా, ఒక పాలు మట్టి, గుప్పెడు కంపోస్టు, అంతే. పెద్ద రాళ్ళని మూడో వంతు పైగా మట్టిలోకి దించాలి. పైన పెట్టి వదిలేస్తే అవి ఎవరో అక్కడ పారేసి వెళ్ళినట్టే ఉంటాయి, కాలు పెడితే దొర్లుతాయి కూడా. ప్రతి రాయినీ కొంచెం వెనక్కి వాలేలా కూర్చోబెట్టాలి. అప్పుడు రాయి మీద పడ్డ నీళ్ళు ముందుకి జారి మట్టిని కోసుకుపోకుండా, వెనక్కి జారి వేళ్ళకి అందుతాయి. గుట్ట మొత్తం మీద ఎక్కడా నీళ్ళు నిలిచే గుంట ఉండకూడదు. ఈ పనికి పట్టినంత సమయం మొక్కలు నాటడానికి పట్టలేదు. ఒక పెద్ద రాయిని మా ఆయనా నేనూ ఇటు తిప్పి, అటు తిప్పి, చివరికి మొదట ఎలా ఉందో అలాగే పెట్టాం.

నాటడం చాలా తేలిక. నాలుగు వేళ్ళ పొడవున్న కొమ్మ తుంచి, కింది ఆకులు తీసేసి, తెగిన చోట ఆరేదాకా నీడలో ఒక పూట ఉంచి, రాళ్ళ సందుల్లో గుచ్చడమే. వారం పది రోజుల్లో వేరు పడుతుంది. మొదటి కొన్నాళ్ళు కొంచెం తడి చూపించాలి, తర్వాత మానెయ్యాలి. రోజుకి కనీసం ఆరు గంటల ఎండ లేని చోట మాత్రం ఆశలు పెట్టుకోవద్దు. నీడలో చావదు, పూయదు. సన్నగా సాగిపోయి, ఏదో జబ్బు చేసినట్టు కనిపిస్తుంది.

నీళ్ళు మానెయ్యడం అన్నాను గానీ, మా ఇంట్లో అది అంత తేలిగ్గా జరగలేదు. మా అత్తయ్యకి పొద్దున్నే లేచి మొక్కలన్నిటికీ నీళ్ళు పోయడం అలవాటు. ఆ సమయానికి నేను నిద్రలో ఉంటాను. మల్లె పాదుకి పోసినట్టే రాళ్ళ మీదా బకెట్టు కుమ్మరించేవారు.

"అత్తయ్యా, వాటికి రోజూ వద్దండీ" అన్నాను.

"నోరున్నవాళ్ళు అడిగి తాగుతారు. నోరులేనివి ఎవర్ని అడుగుతాయమ్మా?"

ఆకు ఒకటి తెంచి ఆవిడ ముందే నలిపి చూపించాను. "చూడండి, దాని ఒంట్లోనే నీళ్ళున్నాయి."

"మన ఒంట్లోనూ ఉన్నాయి. అందుకని తాగడం మానేశామా?"

రోజంతా రక్తం బ్యాగులతో పని చేసే నాకు దీనికి జవాబు దొరకలేదు.

కొన్నాళ్ళకి కింది వరస మొక్కలు వాలిపోయాయి. పైన ఆకులు పచ్చగానే ఉన్నాయి, నేలని అంటిన చోట కాడ గోధుమ రంగుకి తిరిగి, మెత్తబడి, అద్దంలా పారదర్శకంగా అయింది. పట్టుకుంటే వేరు లేకుండా చేతిలోకి వచ్చేసింది. మొక్క వాలిపోయింది కదా అని ఇంకో చెంబు పోయడం ఇక్కడ అందరూ చేసే పని. పోయకూడదు. పైన గట్టిగా ఉన్న కొసలు తుంచి వేరే చోట గుచ్చుకుంటే జాతి నిలుస్తుంది, కింది భాగం మీద ఆశ వదులుకోవాలి. ఆ కొసలు గుచ్చుతుంటే అత్తయ్య వచ్చి పక్కన కూర్చున్నారు. పొయ్యొద్దు అని చెప్పడం కాదు, ఎప్పుడు పొయ్యాలో చెప్పమన్నారు. న్యాయమైన మాటే. ఆకుని రెండు వేళ్ళ మధ్య పట్టి చూడమన్నాను. గట్టిగా, నిండుగా ఉంటే వద్దు. మెత్తబడి, కాస్త ముడత పడితే అప్పుడు వేళ్ళ దాకా దిగేలా ఒక్కసారి బాగా పొయ్యాలి. ఇప్పుడు ఆవిడ నా కంటే కఠినం. మొక్క మాడిపోతోందేమో అని నాకు జాలేసి చెంబు పట్టుకుంటే, "ఆగమ్మా, ఇంకా గట్టిగానే ఉంది, రేపు చూద్దాం" అంటున్నారు.

ఎరువు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. నత్రజని ఎక్కువైతే ఆకు ఏపుగా వస్తుంది, పువ్వు తగ్గుతుంది. కొమ్మలు బారుగా సాగి, కొసన మాత్రమే పూస్తుంటే మాత్రం మొహమాటం లేకుండా సగానికి కత్తిరించాలి. చూడ్డానికి రెండు వారాల పాటు బోడిగుండులా ఉంటుంది, తర్వాత గుబురుగా చిగురిస్తుంది. కత్తిరించిన ముక్కలు పారేయకండి, అవన్నీ మొక్కలే. పురుగుల్లో పిండినల్లి ఒక్కటే నన్ను విసిగించింది. కణుపుల దగ్గర ఎలాగూ తెల్లటి నూగు ఉంటుంది కదా, దానిలో కలిసిపోయి వెంటనే కనపడదు. కదిలేది పురుగు, కదలనిది నూగు అనుకుందామంటే పిండినల్లి కదలడం కూడా తక్కువే. తడి దూదితో తుడిస్తే ఊడొచ్చి, దూదికి జిగురుగా అంటుకుంటే అది పురుగే. ఇంట్లో కుక్కా పిల్లీ ఉన్నవాళ్ళు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఈ మొక్కలో ఆక్సలేట్లనే లవణాలుంటాయి, దీన్ని నమిలితే ఆ జంతువులకి మంచిది కాదు.

విత్తనం గురించి చెప్పకుండా ఆపలేను. పువ్వు ముడుచుకుపోయాక కింద చిన్న కాయ ఏర్పడుతుంది. పండి ఎండాక దాని పై సగం, భరిణె మూత తీసినట్టు, గుండ్రంగా చుట్టూ చీలి ఊడిపోతుంది. లోపల ఉక్కు మెరుపుతో బూడిద రంగు గింజలు. ఎంత చిన్నవంటే ఒక్క గ్రాముకి సుమారు 10,000 వస్తాయి. ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోతాయి, నేనైతే మాస్కు పెట్టుకుని సేకరిస్తాను. మూత ఊడిన మరుక్షణం రాలిపోతాయి కాబట్టి, కాయ గడ్డి రంగుకి తిరగగానే కాగితం కింద పట్టి తుంచుకోవాలి. విత్తేటప్పుడు పొడి ఇసుకలో కలిపి చల్లి, అరచేత్తో అదిమి వదిలేయాలి. పైన మట్టి కప్పొద్దు, మొలవడానికి వాటికి వెలుతురు కావాలి. 20 డిగ్రీలు దాటిన వెచ్చదనం ఉంటే వారం నుంచి రెండు వారాల్లో మొలుస్తాయి. మొలక దారప్పోగంత సన్నగా ఉంటుంది. పైనుంచి నీళ్ళు పోస్తే కొట్టుకుపోతుంది, స్ప్రే చేయాల్సిందే.

తల్లి మొక్క రంగే రావాలంటే విత్తనాన్ని నమ్ముకోవద్దు. తేనెటీగలు ఒక పువ్వు మీద నుంచి ఇంకో పువ్వు మీదకి తిరుగుతాయి కాబట్టి, పసుపు పువ్వు గింజ వేస్తే గులాబీ రంగు రావచ్చు. ఉన్న రంగు నిలవాలన్నా, ముద్దపువ్వు ముద్దగానే ఉండాలన్నా కొమ్మే నాటండి. ముద్దపూలు గింజ కట్టడమూ తక్కువే. నర్సరీల్లో ఎక్కువగా ముద్దవే అమ్ముతారు, అవి చూడగానే కంటికి ఆనతాయి. నా ఓటు మాత్రం ఒంటిరెక్కదానికే. తేనెటీగ సులువుగా దిగగలిగేది దాన్లోకే, గింజ ధారాళంగా కట్టేదీ అదే. నేను ఎప్పుడూ విత్తని సందుల్లో, రాతికీ రాతికీ మధ్య వేలు కూడా పట్టని చోట మొలిచి పూస్తున్నవన్నీ అవే. వాటిలో ఒకటి తెల్ల రేకుల మీద గులాబీ గీతలతో వచ్చింది. నేను నాటిన వాటిలో ఆ రంగు ఒక్కటీ లేదు. దాని కొమ్మలు కొన్ని తుంచి ఆరబెట్టాను, రేపు లేచాక గుచ్చాలి.